ఎంతమంది ఉంటే ఎక్కువ?

2025 ఆగస్టు 31, ఆదివారం. పొద్దున ఐదున్నరకే సిడ్నీలో మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: "ఇవాళ ఎవరూ సిటీ వైపు వెళ్ళకండి. ఆడవాళ్ళు చీరలు కట్టుకుని ట్రైన్ ఎక్కొద్దు." ఆస్ట్రేలియాలోని పెద్ద నగరాలన్నిటిలో వలసలకి వ్యతిరేకంగా ఊరేగింపులు పెట్టుకున్న రోజు అది. వాళ్ళు పంచిన కరపత్రంలో మన ఊసు ప్రత్యేకంగా ఉంది. గ్రీకులూ ఇటాలియన్లూ వందేళ్ళలో వచ్చినదానికన్నా ఎక్కువమంది ఇండియన్లు ఐదేళ్ళలో వచ్చి పడ్డారని అందులో రాశారు.

అమ్మ మా దగ్గరికి వచ్చి అప్పటికి రెండు నెలలు. ఆ రోజు ఫెర్రీ ఎక్కిస్తానని మాటిచ్చాను. ఆవిడ స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, సంచిలో మంచినీళ్ళ సీసా పెట్టుకుని హాల్లో కూర్చుంది. "వాన పడేలా ఉందమ్మా, వచ్చే వారం వెళ్దాం" అన్నాను. అమ్మ లేచి తలుపు తీసి ఆకాశం కేసి చూసింది. లోపలికి వచ్చి, ఏమీ అనకుండా చీర మార్చుకుంది.

ఆ తర్వాతి శనివారం ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలు. మాటలన్నీ ఆ ఊరేగింపు చుట్టూనే తిరిగాయి. 1988లో ఇక్కడికి వచ్చి స్థిరపడిన ఒక డాక్టరు గారు, మేమంతా అంకుల్ అని పిలిచే పెద్దాయన, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంటూ అన్నారు: "వాళ్ళ పద్ధతి తప్పే, కాదన్ను. కానీ మాటలో తప్పేముంది? మనవాళ్ళు నిజంగానే ఎక్కువైపోయారు. మేం వచ్చినప్పుడు ఇలా ఉండేది కాదు." సగం మంది తలలూపారు. ఎవరో కొత్తగా వస్తున్న స్టూడెంట్ల గురించి మొదలుపెట్టారు, ఎలా బతుకుతారో, ఎలా గట్టిగా మాట్లాడుకుంటారో, వాళ్ళ వల్ల మన పరువెలా పోతోందో.

కరపత్రం కన్నా ఆ మాట నన్ను ఎక్కువ కుదిపింది. కరపత్రం రాసినవాళ్ళెవరో నాకు తెలీదు. ఈయన మాత్రం నాకు ఉద్యోగం లేని రోజుల్లో తన పేరు రెఫరెన్సుగా ఇచ్చిన మనిషి. ఆ రాత్రి ఇంటికొచ్చి, చాలా ఏళ్ళ కింద చదివిన ఘసాన్ హాజ్ పుస్తకం మళ్ళీ తీశాను.

పెత్తనం

హాజ్ బేరూత్‌లో పుట్టాడు. లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలైన మరుసటేడు, 1976లో సిడ్నీ వచ్చాడు. ఇక్కడే చదువుకుని మానవశాస్త్రం ప్రొఫెసర్ అయ్యాడు. ఆసియా వాళ్ళు దేశాన్ని ముంచెత్తుతున్నారని పాలిన్ హాన్సన్ అనే ఎంపీ పార్లమెంటులో మాట్లాడింది 1996లో. ఆ వేడి ఇంకా ఆరకముందే, 1998లో, ఆయన 'వైట్ నేషన్' వచ్చింది.

ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్న వాదన ఇది. గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఈ దేశంలో ముస్లిం ఆడవాళ్ళ తలల మీది ముసుగులు లాగారు. అలా లాగినవాడిని మనం జాత్యహంకారి అంటాం. "పాపం వాళ్ళనీ ఉండనివ్వండి, మన దేశం పెద్దది" అన్నవాడిని మంచివాడంటాం. హాజ్ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తాడు. ఒకడు పొమ్మంటున్నాడు, ఇంకొకడు ఉండమంటున్నాడు. పొమ్మనడానికీ ఉండమనడానికీ కూడా ముందుగా ఒకటి ఉండాలి: ఈ చోటు మీద పెత్తనం తమదే అన్న నమ్మకం. ఆ నమ్మకం ఇద్దరిదీ ఒక్కటే. ఓర్చుకునేవాడు ఎప్పుడైనా ఓర్పు చాలించగలడు. ఓర్పు చూపించమని మనం వాళ్ళని బతిమాలుకున్నంత కాలం ఆ పెత్తనం కుర్చీ వాళ్ళదేనని మనమే ఒప్పుకుంటున్నట్టు.

ఒక చోట నాకు హాయిగా ఉంది, ఇది నా ఊరు అనుకోవడం వేరు. ఈ ఊళ్ళో ఎవరుండాలో, ఎందరుండాలో నేను చెప్తాను అనుకోవడం వేరు. హాజ్ ఈ రెంటినీ విడదీసి, రెండోదానికి ఇంగ్లీషులో ఒక బరువైన పేరు పెట్టాడు. తెలుగులో ఆ అవస్థ లేదు. పెత్తనం అంటే చాలు, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఆరా తీసే మనిషి కళ్ళ ముందు కనబడతాడు.

"ఎక్కువైపోయారు" అనే మాటని ఈ వెలుగులో చూడండి. దేనికన్నా ఎక్కువ? ఆ మాట అన్నవాడి మనసులో సరైన లెక్క ఒకటుంది. ఆ లెక్క పెట్టే హక్కు తనకుందని వాడికి అనుమానం కూడా లేదు.

ఆస్ట్రేలియాలో ఈ హక్కు చాలాకాలం చట్టంలోనే ఉండేది. 1901 వలసల చట్టం రంగు పేరెత్తకుండానే రంగువాళ్ళని ఆపింది. అధికారి ఏ ఐరోపా భాషలోనైనా 50 మాటలు చదువుతాడు, దిగినవాడు తప్పు లేకుండా రాయాలి. భాషని ఎంచుకునేది అధికారే. 1934లో ఎగాన్ కిష్ అనే రచయితని అడ్డుకోవాలనుకున్నారు. ఆయనకి ఐరోపా భాషలు చాలా వచ్చు. అందుకని స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష 1958లో పోయింది. కానీ భాష మార్చే అలవాటు పోయిందా? మొదట ఇంగ్లీషు రాదన్నారు. వచ్చాక యాస బాలేదన్నారు. యాస మార్చుకున్నాక, అందరూ ఒకేచోట ఇళ్ళు కొంటున్నారన్నారు. పౌరసత్వం కాగితం చేతిలో ఉంటే సరిపోదని, రోజువారీ చూపుల్లో ఈ దేశస్థుడిగా చెల్లడానికి రంగు, యాస, అలవాట్లు ఒక్కొక్కటీ కూడబెట్టుకోవాలని హాజ్ రాసింది చదివినప్పుడు, ఫోన్లో నా పేరుని రెండు ముక్కలు చేసి చెప్పుకున్న ఏళ్ళన్నీ గుర్తొచ్చాయి.

అయితే ఒక దగ్గర నాకు హాజ్‌తో పేచీ ఉంది. మా పక్కింటాయన రిటైరైన ఎలక్ట్రీషియన్. మేం ఊరెళ్తే మా చెత్త బిన్లు రోడ్డు మీద పెట్టి, ఖాళీ అయ్యాక లోపలికి లాగి పెడతాడు. ఒకసారి కంచె మీద చేతులానించి, "మీరు చాలా బాగా కలిసిపోయారు. మీలాంటివాళ్ళయితే ఎంతమంది వచ్చినా మాకేం ఇబ్బంది లేదు" అన్నాడు. నిజం చెప్పాలంటే రెండు రోజులు ఆ మాట తల్చుకుని సంతోషపడ్డాను. హాజ్ లెక్కలో చూస్తే అది కూడా పెత్తనమే, ఒప్పుకుంటాను. కానీ రాత్రి పదకొండు గంటలకి స్టేషన్ నుంచి నడిచి ఇంటికొచ్చే నాకు, ముసుగు లాగేవాడికీ బిన్ లాగి పెట్టేవాడికీ మధ్య తేడా చాలా పెద్దది. ఇద్దరి మనసులో నమ్మకం ఒకటే కావచ్చు, నా వీపు మీద పడేది మాత్రం ఒకటి కాదు. ఈ తేడాకి పుస్తకంలో ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంతకీ ఆ కుర్చీ అసలు ఎవరిది? మేం పౌరసత్వం తీసుకున్న రోజున ఇక్కడి ఆదివాసుల్లో ధరుగ్ తెగ పెద్దావిడ ఒకరు వచ్చి, ఇది మా పూర్వీకుల నేల, మీకు స్వాగతం అంది. తర్వాత మేయర్ గారు మెడలో గొలుసు వేసుకుని వచ్చి సర్టిఫికెట్లు పంచారు. చేతికి ఒక చిన్న మొక్క ఇచ్చారు. స్వాగతం చెప్పింది ఒకరు, రానిచ్చింది ఇంకొకరు. ఆవిడని అడిగి మమ్మల్ని రానివ్వలేదు. ఆవిడ పూర్వీకుల్ని అడిగి మేయర్ గారి పూర్వీకులూ రాలేదు. ఫోటోల హడావుడిలో ఆ రోజు నాకు ఇదేమీ తట్టలేదు.

అద్దెల మాటేమిటి?

డాక్టరు గారిని ఆ భోజనాల రోజు నేను అడిగాను, "ఎంతమంది ఉంటే సరిపోతుందంకుల్?" అని. ఆయన కోప్పడలేదు. "నువ్వు అద్దె ఇల్లు వెతికి ఎన్నేళ్ళయింది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. 2023లో మా తమ్ముడి కోసం ఒక ఇల్లు చూడ్డానికి వెళ్తే మెట్ల మీద నుంచి ఫుట్‌పాత్ దాకా లైను. ఇల్లు చూపించడానికి పదిహేను నిమిషాలు. ఒకమ్మాయి చంటిబిడ్డని ఎత్తుకుని, తన జీతం కాగితాలు ఏజెంటు చేతిలో పెట్టడానికి ముందుకి తోసుకుని వస్తోంది. ఆమె తెల్లమ్మాయి. ఆమె మనసులో మా మీద ఏముందో నాకు తెలీదు. ఏమున్నా ఆ క్షణంలో నేను తప్పు పట్టలేను.

ఆ ఏడాది ఈ దేశానికి వచ్చినవాళ్ళలోంచి వెళ్ళిపోయినవాళ్ళని తీసేస్తే మిగిలిన లెక్క 5 లక్షలు దాటింది. కరోనా కాలంలో ఆగినవాళ్ళంతా ఒక్కసారి వచ్చారు. ఇళ్ళు అంత వేగంగా లేవవు. ఏడాదికి ఎంతమంది రావాలి, ఇళ్ళు ఎన్ని కట్టాలి అని ఒక దేశం మాట్లాడుకోవడం తప్పు కాదు. ఆ మాట ఎత్తిన ప్రతివాడినీ జాత్యహంకారి అంటే మనమే అబద్ధమాడినట్టు.

కానీ ఇళ్ళ గురించే అయితే తలలన్నీ లెక్కపెట్టాలి కదా. 2021 జనాభా లెక్కల్లో ఇక్కడున్న విదేశంలో పుట్టినవాళ్ళలో మొదటి స్థానం ఇంగ్లండ్‌ది, 9 లక్షల పైచిలుకు. ఇండియాలో పుట్టినవాళ్ళు 6 లక్షల 73 వేలు. ఇంగ్లండ్ వాళ్ళలో చాలామంది ఎప్పుడో వచ్చినవాళ్ళే, నిజమే. మరి న్యూజిలాండ్ వాళ్ళు? వాళ్ళకి కోటా లేదు, విమానం దిగగానే వీసా, ఎంతకాలమైనా ఉండొచ్చు. వాళ్ళూ అద్దె ఇళ్ళల్లోనే ఉంటారు, వాళ్ళూ పొద్దున అదే ట్రైన్ ఎక్కుతారు. వాళ్ళ పేరుతో కరపత్రం రాలేదు. అద్దె కోసం లైన్లో నిలబడ్డ ఆ అమ్మాయి కష్టాన్ని తీసుకెళ్ళి ఒక్క రంగు వాళ్ళ నెత్తిన పెట్టారు. అప్పుడది ఇళ్ళ గురించిన మాటగా మిగలదు.

మా క్యాంపు

నాది నిజామాబాద్ జిల్లా, వర్ని వైపు. నిజాంసాగర్ కాలువ నీళ్ళొచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ళ ఊళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. ఊరి పేరు చివర క్యాంపు అని ఉంటుంది. మా తాత అలా వచ్చినవాడే. నేను అక్కడే పుట్టాను, అయినా స్కూల్లో నన్ను ఆంధ్రోడనేవాళ్ళు. ఎక్కడి మనిషివంటే ఏం చెప్పాలో తెలియకపోవడం నాకు సిడ్నీలో కొత్తగా వచ్చింది కాదు.

చాలా కాలం నేను దీన్ని మాకు జరిగిన అన్యాయంగానే చెప్పుకునేవాణ్ణి. 1952 ముల్కీ ఉద్యమం, 1969 ఉద్యమం, రెండిట్లోనూ బయటివాళ్ళని పొమ్మన్న మాట ఉంది. దాన్నీ ఆగస్టు 31 నాటి ఊరేగింపునీ ఒకే గాటన కట్టేద్దామని ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు కూడా అనుకున్నాను. కానీ అలా రాయబోతే కలం సాగలేదు.

మా పొలంలో పనిచేసిన జీతగాడు ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే వచ్చి గొడ్ల కొట్టం ఊడ్చి, వాకిట్లో మెట్టు మీద కూర్చుంటే నాయనమ్మ టీ పోసేది. ఆయన గ్లాసు వేరు, పశువుల పాక చూరులో దోపి ఉండేది. తనే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపేవాడు. మేం దున్నే చెక్కల్లో ఒకటి వాళ్ళ తాత అమ్మింది. ఆయన మాట్లాడే తెలుగుని మా ఇంట్లో అందరం అనుకరించి నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. ఆ ఊళ్ళో కొత్తవాళ్ళం మేమే, తక్కువమందిమీ మేమే. పెత్తనం మాత్రం మాది.

అందుకని తలల లెక్క పనికిరాదు. హాజ్ నాకు నేర్పింది ఇదే అనుకుంటాను. "బయటివాళ్ళు ఎక్కువైపోయారు" అనే మాట ఆ జీతగాడి కొడుకు నోట్లోంచి వస్తే ఒకటి, సర్టిఫికెట్లు పంచే కుర్చీలోంచి వస్తే ఇంకొకటి. ఉద్యోగాలూ భూములూ చేతిలోంచి జారిపోతున్నవాడు అడ్డం నిలబడటాన్ని, అన్నీ తన చేతిలోనే ఉన్నవాడు గుమ్మం దగ్గర మనుషుల్ని వడగట్టడాన్ని ఒకే పేరుతో పిలవలేం. అయినా నా అనుమానం పూర్తిగా తీరలేదు. బలహీనుడి నోట మొదలైన మాట ఎన్నాళ్ళకి బలవంతుడి మాట అవుతుంది? హైదరాబాదులో ఇవాళ ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళని, మేస్త్రీ పనికి బీహారు నుంచి వచ్చినవాళ్ళని "ఎక్కువైపోయారు" అనేది ఎవరు? వాళ్ళు కట్టిన అపార్ట్‌మెంట్లలో కాపురముండేవాళ్ళే, చాలామటుకు మన చుట్టాలే.

ఎలా నడుస్తోంది?

వలస గురించి హాజ్ రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒక చిన్న సంగతి. లెబనాన్‌లో బాగున్నావా అంటే, పరిస్థితి నడుస్తోంది అని జవాబిస్తారట. మనం కూడా అంతే కదా. "ఎలా నడుస్తోంది?" "ఏదో, నడుస్తోంది." బతుకు ఎటో కదులుతోందన్న భావన మనిషికి అన్నంలాంటిదని, ఉన్నచోట ఆ కదలిక ఆగిపోయిందనిపించినప్పుడే మనిషి ఊరు దాటతాడని ఆయన అంటాడు. ఎక్కడున్నావే గొంగళీ అంటే వేసినచోటే అన్నట్టుండే బతుకు భరించలేకే మనలో చాలామంది వచ్చాం. డబ్బు కోసం వచ్చామని పైకి చెప్పుకుంటాం కానీ, ఆ డబ్బు అప్పు తీర్చడానికే సరిపోయిన మొదటి మూడేళ్ళలో కూడా నేను వెనక్కి పోవాలనుకోలేదు. కదులుతున్నాననిపించేది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తన బతుకు ఇరుక్కుపోయిందనుకునేవాడికి, నిన్నగాక మొన్న వచ్చినవాడు కదిలిపోతుంటే కడుపు మండుతుంది. సమాజం పంచాల్సినవాటిలో ఆశ కూడా ఒకటని, ఆ పంపకం సన్నగిల్లినచోట జనం దేశాన్ని ప్రేమించడం మానేసి దేశం గురించి బెంగపడటం మొదలుపెడతారని ఆయన 2003లో ఇంకో పుస్తకంలో రాశాడు. ట్రైన్‌లో ఒకసారి మా మీద అరిచిన ఒక మనిషి ముఖం నాకు ఇంకా గుర్తుంది. బూట్ల నిండా సిమెంటు, చేతిలో సాయంత్రం నాలుగింటికే బీరు సీసా. నా కడుపులో టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు కాబట్టి అతన్ని క్షమించానని అనను. అతను ఎక్కడ ఆగిపోయాడో మాత్రం కొంచెం తెలుస్తోంది.

అమ్మకి పెత్తనం లేదు, కాగితం కూడా లేదు, విజిటర్ వీసా. అయినా పెరట్లో గోంగూర వేసింది, వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చేతులెత్తి నమస్కారం పెట్టింది. ఇల్లు అనిపించాలంటే భద్రత, తెలిసిన వాసనలు, నలుగురు మనుషులు, రేపటి మీద ఆశ ఉండాలని హాజ్ లెక్క. సొంతూరి మీద బెంగ మనిషిని వెనక్కి లాగుతుందనుకుంటాం, నిజానికి కొత్తచోట కాలూనుకోవడానికి అదే ఊతమవుతుందని కూడా అంటాడు. మొదటి రెండాకులు కోసి పప్పులో వేసిన రోజు అమ్మ ఊరి మాట ఎత్తలేదు, ఎదురింటావిడకి ఒక గిన్నెడు పంపమంది.

2009, హారిస్ పార్క్

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. 2009లో నేను సిడ్నీ హారిస్ పార్క్‌లో స్టూడెంట్‌ని, రెండు గదుల్లో ఆరుగురం. మే నెలలో మెల్‌బోర్న్‌లో ఒక తెలుగు కుర్రాణ్ణి స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. ట్రైన్లలో మీ భాషలో గట్టిగా మాట్లాడొద్దని అక్కడ మనవాళ్ళకే సలహాలిచ్చారు. జూన్ వచ్చేసరికి మా వీధుల్లో కూడా దెబ్బలు పడ్డాయి, కొట్టింది లెబనీస్ కుర్రాళ్ళని మాట పాకింది. రాత్రిళ్ళు మేం వందల మందిమి విగ్రామ్ స్ట్రీట్‌లో నిలబడ్డాం. భయం నిజం, కోపమూ నిజం. ఆ గుంపులో నేను కూడా అరిచాను, "ఈ లెబనీస్‌వాళ్ళు ఎక్కువైపోయారు, వీళ్ళని పంపించెయ్యాలి" అని.

ఆ వీధిలో మాకన్నా ముందు వచ్చి ఇళ్ళు కట్టుకున్నది వాళ్ళు. వాళ్ళ పెద్ద చర్చి ఇప్పటికీ అక్కడే ఉంది. అంతకు నాలుగేళ్ళ ముందే, 2005 డిసెంబరు 11న, సిడ్నీలోని క్రొనల్లా బీచ్‌లో ఐదు వేల మంది గుంపు కట్టి లెబనీస్‌లా కనబడ్డ ప్రతివాడినీ తరిమి కొట్టారు. మేం ఇక్కడ పెరిగాం, మీరు ఎగిరొచ్చారని ఒంటి మీద రాసుకుని మరీ వచ్చారు. ఆ సంగతి అప్పటికి నాకు తెలీదు. వచ్చి ఏడాది కాలేదు, చేతిలో స్టూడెంట్ వీసా, అయినా ఎవరు ఎక్కువో చెప్పే పెత్తనం మాత్రం తీసేసుకున్నాను.

మా సందు చివర ఒక లెబనీస్ ముసలాయన రొట్టెల కొట్టు ఉండేది. రాత్రి షిఫ్టు దిగి వస్తూ తెల్లారుజామున ఆయన దగ్గర జాతర్ అనే మసాలా పొడి చల్లిన వేడి రొట్టె కొనుక్కునేవాణ్ణి. నెలాఖరుకి చిల్లర తక్కువైతే రేపివ్వమనేవాడు. ఆ గొడవ జరిగిన మర్నాడు వెళ్ళాను. ఎప్పటిలాగే రొట్టె కాగితంలో చుట్టాడు. నా చేతిలో పెట్టకుండా అలాగే పట్టుకుని, "నిన్న రాత్రి అరుపులు పైన గదిలోకి వినబడ్డాయి. నేను కూడా పోవాలా?" అన్నాడు. నిన్ను కాదన్నాను. మీలాంటివాళ్ళయితే ఇబ్బంది లేదన్నాను. ఆయన రొట్టె ఇచ్చాడు, డబ్బులు తీసుకున్నాడు, అంతే. ఆ తర్వాత రేపివ్వమనే మాట అనలేదు.

పోయిన నెల అమ్మని ఫెర్రీ ఎక్కించి వస్తూ హారిస్ పార్క్‌లో దిగాం. రొట్టెల కొట్టు ఉన్నచోట బిర్యానీ హోటలుంది. కౌంటర్లో కుర్రాడు మన కరీంనగర్ వైపు. అమ్మకి కుర్చీ చూపించి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఇక్కడ ఇంతకుముందు ఒక పెద్దాయన కొట్టుండేది, ఏమైందో తెలుసా తమ్ముడూ అని అడిగాను.

"తెల్వదన్నా" అన్నాడు, బిల్లు కొడుతూ. "నేనొచ్చి ఆర్నెల్లే అయితుంది."